నలభై ఒకటో నంబరు

“లెక్కపెట్టున్రి సారు. నిమ్మళంగ లెక్కపెట్టున్రి. నాకేం తొందర లేదు.”

పోచయ్య ఆ మాట అనడం మూడోసారి. తొందర లేనివాడు ఒకే మాట మూడుసార్లు అనడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా వరండా మెట్టు మీద చతికిలబడ్డాడు. సుబ్రహ్మణ్యం భార్య పుణ్యవతి తెచ్చిపెట్టిన మంచినీళ్ల వైపు కన్నెత్తి చూడలేదు.

సుబ్రహ్మణ్యం ముందు బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి అట్ట చిరిగిన రఫ్ పుస్తకం. వారం రోజులు కొత్తగూడ చౌరస్తాలో కార్లు ఆపి, డిక్కీలు తెరిపించి, వంటగ్యాసు సిలిండరు మీద నడుస్తున్న ప్రతి బండి నంబరూ హోంగార్డు యాదయ్య అందులో రాశాడు. రెండోది, ఆ నంబర్లనే కంప్యూటరులో టైపు చేసి తీసిన జాబితా. నిన్న పొద్దున సుబ్రహ్మణ్యం సంతకంతో ఆఫీసరు బల్ల మీదికి వెళ్లిన జాబితాకి ఇది నకలు.

పుస్తకంలో నలభై ఒకటి. జాబితాలో నలభై.

మొదటిసారి వేలు తడబడిందేమో అనుకున్నాడు. రెండోసారి పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ వచ్చాడు. మూడోసారి లెక్కపెట్టే పని లేకపోయింది. టిక్కు పడని నంబరు పదిహేడో వరసలో, పోచయ్య కొడుకు రాకేశ్ వ్యాను నంబరుకి సరిగ్గా పైన ఉంది.

ఆ నంబరు ఆయనకి కంఠతా వచ్చు. వాకిట్లో రేకుల పందిరి కింద నిలబడి ఉన్న తెల్ల కారుది.

“దొరికిందా సారు?”

సుబ్రహ్మణ్యం పెన్సిలు బల్ల మీద పెట్టాడు.

“నాకు సదువు రాదు. నా కొడుక్కి వచ్చు. బుధారం పొద్దుగాల మీ అవినాష్ బాబు బండి ముంగట, మా రాకేశ్ వ్యాను ఎన్క. యాదయ్య రెండిట్ల సూసిండు. రెండు నంబర్లు రాసుకున్నడు. నిన్న మావోని వ్యాను మీ ఆఫీసోళ్లు గుంజుకపోయిన్రు. మీ బండి సల్లగ నీడకున్నది. గట్లెట్లయితది సారు?”

పోచయ్య గొంతు పెంచలేదు. పదేళ్లుగా ఈ కాలనీకి పాలు పోసిన మనిషి. ఈ ఇల్లు కట్టేటప్పుడు ఇసక కుప్ప మీద మంచం వేసుకుని కాపలా పడుకున్న మనిషి. ఆయన అరిచి ఉంటే సుబ్రహ్మణ్యానికి కాస్త సుఖంగా ఉండేది.

“దేవిశ్రీ!”

లోపల్నుంచి పలుకు లేదు.

“అమ్మాయ్, దేవిశ్రీ!”

కోడలు రావడానికి ఎంతసేపు పట్టిందో ఆయన గమనించాడు. మామూలుగా ఒక్క పిలుపుకే వస్తుంది.

సుబ్రహ్మణ్యం రవాణా శాఖలో సీనియర్ అసిస్టెంటు. ఆయన ఆఫీసు నుంచి నెలకొక స్టేట్‌మెంటు పైకి వెళ్తుంది. ఆ నెల రిజిస్టరైన కార్లు ఏ ఇంధనం మీద నడుస్తాయో మూడు గళ్లలో చూపించాలి. పెట్రోలు, డీజిలు, ఇతరములు. పదకొండేళ్లుగా ఆ కాగితం రాసేది ఆయనే.

ఒకప్పుడు కారంటే పెట్రోలే. డీజిలు ధర పెట్రోలులో సగానికి దగ్గరగా ఉండేసరికి ఇప్పుడు డీజిలు గడి నెలనెలా లావెక్కుతోంది. మాదాపూర్ బండరాళ్ల మధ్య అద్దాల మేడలు లేచి, ఉద్యోగాల పేరుతో జనం ఇటు మళ్లాక మొత్తం కార్లే పెరిగాయి. మూడో గడిలో మాత్రం మొదటినుంచీ ఒకటే మాట: లేవు. వంటగ్యాసు మీద కారు నడపడం నేరం కాబట్టి అలాంటి కార్లు లేవు. ఊళ్లో ఏ మెకానిక్కుని అడిగినా పడీపడీ నవ్వుతాడు. అయినా లేవు. కిందటి నెల లేవు గనక ఈ నెలా లేవు.

కొత్తగా వచ్చిన ఆఫీసరు ఆ గడి మీద వేలు పెట్టి, “వెళ్లి చూసి రాయండి సుబ్రహ్మణ్యంగారూ” అన్నాడు. కొంప మునగడం అక్కడ మొదలైంది.

ఆఫీసులో కంప్యూటరు లేదని కాదు. ఉంది. ప్లాస్టిక్ గుడ్డ కప్పుకుని, కుంకుమ బొట్టు పెట్టించుకుని ఆరు నెలలుగా గదిలో పడుకుని ఉంది. అందుకని ముఖ్యమైన కాగితాలు సుబ్రహ్మణ్యం ఇంటికి తెస్తాడు. కోడలు టైపు చేసి పెడుతుంది. శుక్రవారం సాయంత్రం తెల్లకాగితం మీద ఆ జాబితా ముత్యాల్లా వచ్చింది. అన్నిటికంటే ఆయనకి నచ్చింది, అడుగున మొత్తం దానంతటదే పడటం.

పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడి, అసలుతో సరిచూడనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టని మనిషి, ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో మొదటిసారి కూడకుండా పెట్టేశాడు. మిషను కూడాక మళ్లీ మనం కూడటమేమిటి అనుకున్నాడు. పాపం, మిషను సరిగ్గానే కూడింది. నలభై ఇస్తే నలభై అంది. దాన్ననడానికేం లేదు.

దేవిశ్రీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో తడిబట్ట ఉంది. దాన్ని పిండుతూనే ఉంది.

“శుక్రవారం టైపు చేసినప్పుడు ఒక నంబరు జారిపోయిందా అమ్మా?”

ఆయన ‘జారిపోయిందా’ అన్నాడు. ఆ పిల్లకి దారి చూపించాడన్నమాట. ఔనంటే చాలు, అక్కడితో పోతుంది.

దేవిశ్రీ ఆ దారి పట్టలేదు. తలొంచుకుంది.

“నేనే తీసెయ్యమన్నాను నాన్నగారూ.” వెనకనుంచి అవినాష్ వచ్చాడు. స్నానం చేసి తల కూడా తుడుచుకోలేదు. “తననేం అడక్కండి.”

“ఆయన చెప్పలేదు మామయ్యగారూ” అంది దేవిశ్రీ. “చౌరస్తాలో కారు ఆపారని మాత్రం చెప్పారు. నంబరు కనపడగానే నేనే... చెయ్యి దాటేసిపోయింది.”

“చెయ్యి దాటేసిపోవడం ఏమిటి? చెయ్యికి తెలుసా అది మన కారని?”

దేవిశ్రీ కళ్లు నిండాయి. అది చూసి సుబ్రహ్మణ్యానికి జాలి వెయ్యలేదు. తన కాగితాలు ముట్టుకోవడానికి ఈ ఇంట్లో ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్క పిల్లనే. 

“ఎప్పట్నించి?” కొడుకునడిగాడు.

“ఏమిటి?”

“నీ కారు గ్యాసు తాగడం ఎప్పట్నించిరా?”

“మూడు నెలలు.” అవినాష్ గోడకి ఆనుకున్నాడు. “రోజూ పాతిక కిలోమీటర్లు నాన్నగారూ. పెట్రోలు పోసి ఎవరు తిరుగుతున్నారు? మా ఆఫీసు కింద పార్కింగులో నిలబడి ముక్కు పెట్టి చూడండి, వంటింట్లో ఉన్నట్టుంటుంది. డబ్బున్నవాడు డీజిలు కారు కొంటాడు. లేనివాడు సిలిండరు పెట్టుకుంటాడు. అందరికీ తెలుసు. తెలియనిది మీ స్టేట్‌మెంటుకే.”

“సిలిండరు ఎక్కడిది?”

అవినాష్ చూపు వంటింటి వైపు తిరిగింది.

అడిగాక సుబ్రహ్మణ్యానికి తనకే తట్టింది. ఇరవై రెండు రోజులుగా ఇల్లంతా కిరసనాయిలు వాసన. గ్యాసు ఏజెన్సీవాడు రేపు మాపు అంటున్నాడని పుణ్యవతి చెబుతూ వచ్చింది. సాంబారు వాసన కొడుతోందని మొన్న కంచం తోసేశాడు కూడా. ఇంటికి రెండు సిలిండర్లు. ఒకటి అయిపోతే రెండోది పెట్టుకోవాలి. రెండోది ఏమైందని ఆయన ఒక్కసారీ అడగలేదు.

పుణ్యవతి వంటింటి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అదే ఆయనకి జవాబు.

ఇంట్లో ఉన్నది నలుగురు. అందులో ముగ్గురికి తెలుసు. ఊళ్లో కార్లన్నీ ఏం తాగి నడుస్తున్నాయో పైవాళ్లకి రాసి పంపే పెద్దమనిషికి, తన ఇంట్లో పొయ్యి దేనితో మండుతోందో తెలియలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సుబ్రహ్మణ్యం ఈశ్వరుడు కాదు, గుమాస్తా.

“సారు.” మెట్టు మీంచి పోచయ్య పిలిచాడు. “ఇంటి లొల్లి నా ముంగట వద్దు. నా ముచ్చట జర తెంపున్రి, నేను పోత.”

“చెప్పండి పోచయ్యగారూ.”

“మీ బండి రాయున్రి అని అడగనీకి రాలేదు నేను. మీ బండి పట్టిస్తె నాకేమొస్తది? మీది తీసినట్టే మాది గూడ తీయున్రి. గంతే.”

సుబ్రహ్మణ్యానికి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

“నలభై ఉన్నదాన్ని ముప్పై తొమ్మిది జేయున్రి. మీ కోడలు బిడ్డ మంచిగ టైపు కొడ్తది. రేపొద్దుగాల ఆ కాయితం తీసి ఈ కాయితం పెట్టున్రి. మా వ్యాను ఇప్పియ్యున్రి. రేపు ఎన్మిది గొట్టంగ కంపెనీ గేటు కాడ వ్యాను లేకుంటె వేరేటోన్ని పెట్టుకుంటమని చెప్పేశిన్రట వాళ్లు. ఉన్న చెలక అమ్మి కొనిచ్చిన సారు ఆ బండి. పెట్రోలు పోస్తె వచ్చిన కిరాయంత దానికే పోతది. నా కోడలు రేఖ నిన్నటి సంది పొయ్యి ముట్టియ్యలే.”

“అలా కుదరదు పోచయ్యగారూ.”

“మీకు కుదిరింది గద?”

 ముంబయి రోడ్డు మీద మదీనాగూడ వైపు వెళ్లే లారీ హారన్ ఒకటి పొడుగ్గా వినబడింది. అవినాష్ తల గోక్కున్నాడు. ఒక రకంగా పోచయ్య చెప్పింది బాగానే ఉందన్నట్టు తండ్రి వైపు చూశాడు. ఆ చూపు సుబ్రహ్మణ్యానికి చెంపదెబ్బలా తగిలింది.

“నాకు కుదరలేదు” అన్నాడు నెమ్మదిగా. “నాకు తెలియకుండా జరిగింది. ఇప్పుడు తెలిసింది. నలభై ముప్పై తొమ్మిది కాదు. నలభై ఒకటి అవుతుంది. ఆఫీసరుగారికి ఇప్పుడే కాగితం రాస్తాను.”

“గదేంది సారు!” పోచయ్య లేచి నిలబడ్డాడు. “మీది పోతె మాది వస్తదా?”

“రాదు.”

“మరి ఎందుకు రాసుడు?”

సుబ్రహ్మణ్యం కుర్చీ వెనక్కి తోసి లోపలికి వెళ్లాడు.

అవినాష్ వెంటపడ్డాడు.

“ఒక్క నిమిషం ఆలోచించండి నాన్నగారూ. ఆ కారు ఎవరి పేరు మీద ఉంది?”

సుబ్రహ్మణ్యం సొరుగు లాగి తెల్లకాగితం కోసం వెతుకుతున్నాడు.

“మీ పేరు మీద. మొదటి కారు మీ పేరు మీదే ఉండాలని పట్టుబట్టి చేయించాను. జాబితాలో యజమాని పేరని ఒక గడి ఉంటుంది కదా? అందులో ఎవరి పేరు రాస్తారు?”

చెయ్యి సొరుగులోనే ఆగింది.

“అదొక్కటే కాదు. కారు కొన్నామని మీరు ఆఫీసుకి తెలియజేసుకున్నారు. ఇంధనం పెట్రోలు అని మీ చేత్తో రాశారు. ఇప్పుడు గ్యాసు అంటే, పైగా జాబితాలోంచి ఆ నంబరే మాయమైందంటే, కోడలు తీసేసింది నాకేం తెలియదంటే నమ్ముతారా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది. సస్పెండు చేస్తారు మిమ్మల్ని. ఇంకా పద్నాలుగు నెలల సర్వీసు. దేవిని పిలిచి స్టేట్‌మెంటు తీసుకుంటారు. తనకి ఉద్యోగం వచ్చి నాలుగు నెలలు కాలేదు. ఎవరిని ఉద్ధరించడానికి నాన్నగారూ? బయట కూర్చున్న ఆయనే వద్దంటున్నాడు!”

అవినాష్ చెప్పిన ప్రతి మాటా నిజమే. అందుకే సుబ్రహ్మణ్యానికి ఒళ్లు మండింది. అబద్ధం చెప్పి ఉంటే తిట్టడానికి వీలుండేది.

“రాకేశ్‌కి నువ్వు పరిచయం చేశావా గ్యాసు బిగించిన మెకానిక్కుని, నీకు రాకేశ్ చేశాడా?”

“దానికీ దీనికీ ఏమిటి సంబంధం?”

“చెప్పు.”

“నేనే చేశాను” అన్నాడు అవినాష్. “నాదయ్యాక, అతను బాగుందా అని అడిగితే...”

“వెళ్లు.”

“నాన్నగారూ...”

“తలుపు దగ్గరికి వేసి వెళ్లు.”

కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గౌరవనీయులైన అధికారివారి దివ్యసముఖమునకు అని అలవాటు కొద్దీ రాసి, ‘దివ్య’ కొట్టేశాడు. మొదటి నాలుగు వాక్యాలు తేలిగ్గానే వచ్చాయి. వారము రోజుల తనిఖీలో నమోదైన వాహనములు నలభై ఒకటి. నివేదించినవి నలభై. విడువబడిన వాహనము నంబరు ఇది. దాని యజమాని...

పొట్టి సుబ్రహ్మణ్యం అని స్కూల్లో, నిప్పు సుబ్రహ్మణ్యం అని ఆఫీసులో ఆయనకి పేర్లు. రెండో పేరంటే ఆయనకి లోలోపల ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. కలం ఎత్తి, దించి, తన పేరు రాశాడు. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాడు.

విడువబడుటకు కారణము. ఇక్కడ ఆగిపోయాడు.

కోడలు అని రాస్తే ఆ పిల్ల బతుకు బజారుకెక్కుతుంది. నేనే తీశాను అని రాస్తే అబద్ధం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎంతసేపు అలా కూర్చున్నాడో తెలియదు. బయట ఎక్కడో ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు వినిపిస్తోంది. పాలవాడో, నీళ్ల బిందెలో అనుకున్నాడు.

తలుపు సందులోంచి దేవిశ్రీ వచ్చింది.

“నా పేరు రాయండి మామయ్యగారూ.”

“నువ్వు లోపలికి వెళ్లమ్మా.”

“మీరు పేరు రాయకపోతే నేను వేరే కాగితం మీద రాసిస్తాను. అప్పుడు రెండు కాగితాలవుతాయి.”  “శుక్రవారం మీరు సంతకం పెడుతుంటే పక్కనే ఉన్నాను. మీరు పుస్తకం పక్కన పెట్టుకుని కూడుకుంటారని ఎదురు చూశాను. కూడితే దొరికిపోతాను, ఏడ్చి చెప్పేద్దాం అనుకున్నాను. మీరు కూడలేదు. బాగా చేశావమ్మా అన్నారు.”

సుబ్రహ్మణ్యం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కారణం దొరికింది. మళ్లీ కలం అందుకుని రాశాడు: ‘నేను మొత్తమును స్వయముగా సరిచూడకుండ సంతకము చేసితిని. ఇందుకు బాధ్యత నాది.’

అది నిజమే. మొత్తం నిజం కాదు. తన జీవితంలో ఇలాంటి వాక్యం ఇంతకు ముందు రాయలేదని ఆయనకి తెలుసు.

కాగితం మడిచి బయటికి వస్తుంటే వంటింట్లోంచి కిరసనాయిలు వాసన రాలేదు.

గ్యాసు పొయ్యి మీద నీలి మంట వెలుగుతోంది. పక్కన ఎర్ర సిలిండరు. గట్టు కింద దాని పాతచోట్లో, మట్టి మరకలతో సహా. పుణ్యవతి పాలు పొంగకుండా గరిటె తిప్పుతోంది. అవినాష్ చేతులు సబ్బుతో కడుక్కుంటున్నాడు. కాళ్ల దగ్గర స్పానరు, రబ్బరు గొట్టం చుట్ట పడి ఉన్నాయి.

“ఇప్పుడది పెట్రోలు కారే” అంది పుణ్యవతి వెనక్కి తిరక్కుండానే. “చూసుకోండి కావాలంటే. గ్యాసు అని రాస్తే మీరు రాసేదే అబద్ధం.”

“నేను బుధవారం నాటి సంగతి రాశాను పుణ్యవతీ.”

“రాసేశారా?”

“రాసేశాను.”

గరిటె ఆగింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఆయనకి ఎదురు చెప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్కలో ఇది చేరింది.

“ఇరవై రెండు రోజులు స్టవ్వు ముందు కూర్చుని కిరసనాయిలు పొగలో వండాను. మీకు వేడన్నం తప్పలేదు. పిల్లలకి క్యారేజీ తప్పలేదు. ఎందుకండీ? పిల్లాడు చల్లగా కార్లో వెళ్లొస్తాడనీ, మీకు తెలిస్తే వాణ్ణి ఇంట్లోంచి పంపేస్తారనీ. ఇంతకాలం మీకు తెలియకుండా జరిగింది కదా. ఈ ఒక్కటీ తెలియనట్టు ఉండలేరా? మీ నిప్పు మా మీదేనా?”

“పోచయ్య కొడుకు బండి అక్కడ ఎండలో...”

“పోచయ్య కొడుకు మీద అంత జాలి ఉంటే అతని బండి విడిపించండి. అది చెయ్యరు. మనదీ తీసుకెళ్లి దాని పక్కన పెడతారు. ఇది జాలేనా?”

 ఆమె అడిగిందీ పోచయ్య అడిగిందీ ఒకటే.  సుబ్రహ్మణ్యానికి ఆమె మీద కోపం రాలేదు. ఆమె వేళ్ల మీద కాలిన మచ్చలు ఇప్పుడే మొదటిసారి చూశాడు. తన మీద తనకి అసహ్యం వేసింది.

దేవిశ్రీ వచ్చి అత్తగారి చేతిలోంచి గరిటె తీసుకోబోయింది. పుణ్యవతి ఇవ్వలేదు. ఇద్దరూ గరిటె పట్టుకుని నిలబడ్డారు. పాలు పొంగి మంట మీద పడ్డాయి.

సుబ్రహ్మణ్యం వరండాలోకి వచ్చాడు. పోచయ్య ఇంకా మెట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. సిలిండరు కారులోంచి వంటింట్లోకి వెళ్లడం ఆ మనిషి కళ్లారా చూశాడు.

“మంచిగ జేసిన్రు సారు” అన్నాడు. “మీకు వంటిల్లు ఉన్నది దాపెట్టుకోనీకి. మా వ్యాను తాళమేసి పెట్టిన్రు, నా కొడుకు సిలిండర్ తీద్దమన్నా తీయనీకి లేదు.”

సుబ్రహ్మణ్యం కాగితం ఆయన ముందు పెట్టాడు.

“ఏందిది?”

“నా కారు నంబరు, నా పేరు, జరిగింది. అన్నీ ఉన్నాయి. సంతకం ఉంది. రాకేశ్‌తో చదివించుకోండి. రేపు పదింటికి మీరే తీసుకెళ్లి ఆఫీసరుగారి చేతికి ఇవ్వండి.”

“దీంతోని నా బండి వస్తదా?”

“రాదు. మీ అబ్బాయి బండిదీ తప్పే. నాదీ తప్పే. ఇద్దరం ఒక వరసలో నిలబడతాం. అంతకంటే నా చేతిలో లేదు.”

పోచయ్య ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. “మీ ఆఫీసు మీది. మీరే ఇచ్చుకోవచ్చు గద సారు. నన్నెందుకు నడుమ పెడ్తున్రు?”

సుబ్రహ్మణ్యం వెనక్కి తిరిగి చూశాడు. వంటింటి గుమ్మంలో ముగ్గురూ నిలబడి ఉన్నారు. గొంతు తగ్గించి అన్నాడు:

“ఇది నా దగ్గరుంటే సాయంత్రానికి నేనే చింపేస్తాను పోచయ్యగారూ.”

పోచయ్య ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. పదేళ్లుగా ఈ వాకిట్లో పాలు కొలిచి పోస్తూ, ‘నురగ దిగాక పొయ్యండి’ అని గీచి గీచి మాట్లాడిన మనిషేనా ఇతను అన్నట్టు చూశాడు. తర్వాత కాగితం తీసుకుని, రెండు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తలగుడ్డ దులిపి చుట్టుకున్నాడు. దండం పెట్టలేదు. వస్తానని చెప్పలేదు.

గేటు దాకా వెళ్లాడో లేదో అవినాష్ పరుగున వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు.

“పోచయ్యా, ఒక్క మాట విను. నీకు కావలసింది రేపు ఎనిమిదింటికి కంపెనీ గేటు దగ్గర బండి. అంతేగా? ఇదిగో నా కారు తాళం. రాకేశ్‌కి ఇవ్వు. వ్యాను వచ్చేదాకా ఈ కారుతో ట్రిప్పులు వేసుకోమను. నెల పట్టనీ, రెండు నెలలు పట్టనీ. పెట్రోలు నేనే పోయిస్తాను. వాళ్ల కాంట్రాక్టు ఎక్కడికీ పోదు.” చెయ్యి చాపాడు. “ఆ కాగితం నాకు ఇచ్చెయ్.”

వరండా స్తంభం పట్టుకుని సుబ్రహ్మణ్యం అదంతా విన్నాడు. తాళం చెవి ఎండలో తళుక్కుమంది. పోచయ్య దాని వైపు చూశాడు. రేపు పొద్దున ఆ తాళం చెవి రాకేశ్ కడుపు నింపుతుంది. కాగితం ఎవరి కడుపూ నింపదు.

పోచయ్య చెయ్యి మెల్లగా పైకి లేచి చొక్కా జేబు మీద ఆగింది.

పిలవాలి. ఇవ్వకండి పోచయ్యగారూ అని ఒక్క కేక వెయ్యాలి. కేక వేస్తే వినపడేంత దూరమే. సుబ్రహ్మణ్యం నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎందుకు రాలేదో ఆయనకి వెంటనే తెలిసిపోయింది. ఇచ్చేస్తే బాగుండునని తన మనసు కోరుకుంటోంది. దేవుడా, ఇచ్చేస్తే బాగుండు.

పక్కన అలికిడైతే తల తిప్పాడు. దేవిశ్రీ ఎప్పుడు వచ్చి నిలబడిందో ఏమో. ఆ పిల్ల గేటు వైపు చూడటం లేదు. పోచయ్య చేతి వైపూ చూడటం లేదు.

మామగారి మొహంలోకే చూస్తోంది.